శాంపిల్‌కు పోయిన లారీ

గురువారం పొద్దున ఈరప్ప వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎమ్మిగనూరులో ఎనిమిది గంటల బస్సెక్కి ఆదోనికి పోవాలి, సామ్సన్ అంగట్లో ఒక ఆయిల్ సీలు కొనాలి, ఇంట్లో సంగటి దిగే వేళకు తిరిగి రావాలి. జేబులో పాత సీలు ఉంది, భుజం మీద తాను నేసిన తువ్వాలు ఉంది, ముఖం మీద లారీ ఓనరుకు ఉండవలసిన గాంభీర్యం ఉంది. అంతకు మించి ఏం కావాలో అతనికి తోచలేదు.

ఆ లారీ సంగతి కొంచెం చెప్పాలి. ఈరప్ప తండ్రి మహానంది దాన్ని నడిపిన కాలంలో అది ఆదోని మిల్లులకు పత్తి బేళ్లు మోసింది. మూతి ముందుకు పొడుచుకొచ్చిన పాతకాలపు బండి. మహానంది పోయాక దానికి పని లేకుండా పోయింది. ఈరప్ప మగ్గం మీద తువ్వాళ్లు నేసుకుంటూ, అమావాస్యకు ఒకసారి లారీకి టెంకాయ కొట్టి, స్టార్టు చేసి, వీధి చివరిదాకా నడిపి, మళ్లీ వెనక్కి తెచ్చి ఇంటి పక్కన నిలబెట్టేవాడు. దాన్ని వీధంతా ‘డబ్బా’ అనేది. నిజం చెప్పాలంటే ఈరప్ప కూడా అనేవాడు. రెండేళ్ల కిందట మంత్రాలయం పోతున్న బెంగళూరు ఆయనొకడు కారాపి, లారీని ఫొటో తీసుకుని, ‘వింటేజ్’ అని వెళ్లిపోయాడు. అప్పటినుంచి ఈరప్ప మగ్గం గుంతలో కూర్చున్నా కాళ్లు నేల మీద ఆనడం లేదు. పెళ్లి శుభలేఖ ఇవ్వడానికి వచ్చినవాళ్లకు కూడా ముందు లారీ చూపించి, తరవాత మంచినీళ్లు ఇచ్చేవాడు.

అలాంటి బండికి వెనక యాక్సిల్ దగ్గర నూనె కారడం మొదలైంది. యాక్సిల్‌లోని నూనె చక్రం వైపు రాకుండా ఆపడానికి ఇనుప కంకణంలా ఒక సీలు ఉంటుంది, దాని లోపలి అంచుకు రబ్బరు ఉంటుంది. ఆ రబ్బరు అరిగింది. చుక్కచుక్కగా నూనె కారి, చక్రం కింద చాపంత మరక అయింది. ఈరప్ప దానికీ ఒక సమాధానం తయారుచేసుకున్నాడు. పాత బండ్లు నూనె కారుస్తాయట, కారకపోతే లోపల నూనె లేదని అర్థమట.

అది నేతగాళ్ల వీధి. తెల్లవారుజామున వీధి పొడుగునా పడుగు దారాలు చాపి, గంజి పట్టించి, కుంచెతో దువ్వుతారు. పడుగు ఒక కొసను వీధి మొదట్లో కడతారు, రెండో కొసను వీధి చివర రాతి గుంజకు కడతారు. ఆ గుంజ ఏనాడో వదులైంది. బుధవారం పొద్దున అది ఒక పక్కకు ఒరిగేసరికి ఎదురింటి ఈశ్వరి పడుగు జారి, నేరుగా ఆ నూనె మరక మీద పడింది. పట్టుచీర అంచులా మెరవవలసిన తెల్లదారం బురదరంగులోకి మారింది. తప్పు గుంజదే. కానీ గుంజకు యజమాని ఎవరూ లేరు, లారీకి ఉన్నాడు. అందుకని వీధంతా లారీనే తిట్టింది.

ఆ సాయంత్రం ఈశ్వరి పదిమందిని వెంటబెట్టుకుని ఈరప్ప అరుగు ముందుకు వచ్చింది. ఆమె అరిచే మనిషి కాదు. తడిసిన పడుగు తెచ్చి అరుగు మీద పెట్టి, నిదానంగా చెప్పింది.

“ఈరప్పన్నా, ఆదివారం మధ్యాన్నం దంకా టైము. ఆపొద్దుకు ఈ బండి కింద సుక్క నూనె కనపడకూడదు. కనపడితే బండి ఈదిలో ఉండకూడదు. పాత ఇనుమోనికి నేనే ఫోన్ జేస్తా.”

ఈరప్ప తన భార్య రుద్రమ్మ వైపు చూశాడు. ఆమె కూడా నేసే మనిషే. పడుగును చేతిలోకి తీసుకుని, మరకను వేలితో రుద్ది చూసి, ఈశ్వరి పక్కకు పోయి నిలబడింది. ఈరప్పకు నిజంగానే భయం వేసింది. గొప్పలు పోతే పోయాయి. ఆ స్టీరింగు మీద నాయన చేతులు పట్టిన చోట రంగు అరిగిపోయి ఇప్పటికీ నున్నగా ఉంటుంది. దాన్ని గ్యాసుతో కోసి తూకానికి వేస్తారంటే అతనికి ఆ రాత్రి అన్నం సహించలేదు.

రాత్రికి రాత్రే మెకానిక్ గోవిందన్నను పిలిపించారు. గోవిందన్న మహానంది కాలం మనిషి, లారీ కంటే నాలుగేళ్లు పెద్ద. చక్రం విప్పి, హబ్బు లాగి, అరిగిన సీలును ఊడబెరికి ఈరప్ప చేతిలో పెట్టాడు. కొలత రాసుకుని పోతే చాలదా అని రుద్రమ్మ అడిగింది. గోవిందన్న జాలిగా నవ్వాడు.

“ఇది గుడ్డముక్క అనుకుంటివా అక్కా, కొల్త బెట్టేకి? లారీ సామాను. శాంపిల్ లేంది సామాను రాదు.”

ఈ మాట ఆ పక్క మెకానిక్కులకు వేదం. నంబరు రాసుకుపోతే నవ్వుతారు, కొలత చెబితే అనుమానిస్తారు. పాత సామాను తీసుకుపోయి బల్ల మీద పెడితేనే గిరాకీ కింద లెక్క. ఆ వేదాన్ని జేబులో వేసుకునే ఈరప్ప గురువారం బస్సెక్కాడు.

సామ్సన్ అంగడి ఆదోనిలో పాత లారీ సామాన్లకు పెట్టింది పేరు. గోడల నిండా మేకులు, మేకులకు జనం వదిలిపోయిన శాంపిళ్లు, ఒక్కోదానికి ఒక చీటీ. కొన్ని చీటీల మీద ఉన్న మనుషులు చనిపోయారని, వాళ్ల సామాను మాత్రం ఇంకా రావలసి ఉందని సామ్సనే గర్వంగా చెబుతాడు. అతను సీలును వెలుతురుకేసి తిప్పి చూశాడు, గోరుతో గీశాడు, వాసన కూడా చూశాడు.

“ఏమప్పా ఇది, సీలా, ఎలక కొరికిన వడనా? అంచంతా పొయ్యిండాది. ఇది కూసునే హబ్బు సూడల్ల. హబ్బు పట్టుకోని రాపో.”

కొలత తెస్తే సరిపోదా అని ఈరప్ప అడగలేదు. అడిగితే లారీ ఓనరు అనుకోరని భయం. మధ్యాహ్నానికి ఇంటికి వచ్చాడు. సీలు ఏదని రుద్రమ్మ అడిగితే, దొరికినట్టేనని, హబ్బు చూపిస్తే చేతిలో పెడతారని చెప్పాడు. దొరికినట్టే అన్న మాట ఆ తరవాత మూడు రోజులు అతని నోట చాలాసార్లు వినిపించింది.

హబ్బు అంటే చక్రం మధ్యలో ఉండే ఇనుప గుండ్రం. బరువు చంకలోని పసిబిడ్డకు పదింతలు. గ్రీజు అంటకుండా ఈరప్ప రుద్రమ్మ పెట్టెలోంచి కొత్త దుప్పటి ఒకటి తీసి దానికి చుట్టాడు. బస్సులో కిటికీ పక్క సీట్లో దాన్ని కూర్చోబెట్టి, తాను పక్కన కూర్చుని, పడిపోకుండా రెండు చేతులతో పట్టుకున్నాడు. ముందు సీట్లోని ముసలామె వెనక్కి తిరిగి చూసింది. ఆమె పేరు లక్ష్మమ్మ, మాధవరం మనిషి, కూతురింటికి పోతోంది. కొత్తగుడ్డ చుట్టి, ఒక మనిషి అంత భక్తిగా పట్టుకున్న వస్తువేమై ఉంటుందో ఆమెకు ఎవరూ చెప్పనక్కరలేదు.

“యా ఊరి దేవుడు నాయనా? ఆదోనిలో నిలబెడ్తారా?”

ఈరప్ప కాదనబోయాడు. సరిగ్గా అప్పుడే లగేజీ సంగతి అడగడానికి కండక్టరు వస్తున్నాడు. ఈరప్ప నోరు మూసుకుని, అవునన్నట్టూ కాదన్నట్టూ ఒక్కసారే తలాడించాడు. లక్ష్మమ్మ దాన్ని అవునని తీసుకుంది. సంచిలోంచి పసుపు తీసి దుప్పటి మీద పెట్టి, చెంపలు వేసుకుంది. ఆమెను చూసి మరో ఇద్దరు పెట్టారు. కండక్టరు టికెట్ మిషను జేబులో వేసుకుని, చెప్పులు విప్పి, దండం పెట్టుకుని ముందుకు పోయాడు. ఆదోని బస్టాండులో ఇద్దరు కుర్రాళ్లు దేవుణ్ణి కిందికి దింపి పెట్టారు. దింపాక వాళ్ల చేతులకు నల్లగా ఏదో అంటింది. అది మహిమ అనుకున్నారో ఏమో, అడగలేదు.

పసుపు పూసిన హబ్బును సామ్సన్ ఎగాదిగా చూశాడు. బయటి కొలత తేలిందన్నాడు. లోపలి కొలత మాత్రం హబ్బులో ఉండదని, సీలు తొడుక్కునే యాక్సిల్ గొట్టంలో ఉంటుందని, కనక యాక్సిల్ కావాలని తేల్చాడు. లారీ కింద పడుకుని ఉన్న మొత్తం యాక్సిలా అని ఈరప్ప అడిగాడు. సగం యాక్సిల్ ఎక్కడైనా ఉంటుందా అని సామ్సన్ అడిగాడు. శుక్రవారం పది గంటలకు తనకు తెలిసిన ట్రాలీ ఆటోను ఎమ్మిగనూరు పంపిస్తానని మాట ఇచ్చాడు. ఊరికే ఉండకుండా హబ్బును ఫొటో తీసి తన వాట్సాప్ గ్రూపులో పెట్టి, దీనికి సరిపడే సీలు ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండని, ఎమ్మిగనూరు ఈరప్ప పాత లారీ అని, ఫోను నంబరుతో సహా రాశాడు.

ఆ గ్రూపులో కోసిగి నుంచి మద్దికెర దాకా రెండువందల మంది ఉన్నారు. అందులో ఎవరైనా ఫొటో పెడితే ఆ వస్తువు అమ్మకానికని అర్థం. కింద రాసినదాంట్లో ఊరు, పేరు, ఫోను నంబరు, ‘పాత లారీ’ అన్న ముక్క తప్ప ఇంకేదీ చదివే అలవాటు ఆ గ్రూపుకు లేదు.

శుక్రవారం ఈరప్ప తొలి బస్సుకే ఆదోని పారిపోయాడు. వీధిలో ఉంటే ఈశ్వరి కళ్లబడాలి. పోతూపోతూ రుద్రమ్మకు పని ఒప్పజెప్పాడు.

“గోవిందన్న యాక్సిల్ ఇప్పి పెడ్తాడు. ఆదోని నుంచి బండొస్తాది. వచ్చినోళ్లకి ఎత్తించి పంపియ్. నీకి లారీ సంగతి తెల్దు, ఏం అడగాకు.”

రుద్రమ్మ ఇరవై రెండేళ్ల కాపురంలో మొగుడి మాటను అక్షరాలా పాటించింది ఆ ఒక్కరోజే.

గోవిందన్న లారీ వెనక భాగాన్ని రెండు బండరాళ్ల మీదికి దించి, యాక్సిల్‌ను బయటికి లాగి, చెమట తుడుచుకుంటుండగా తొమ్మిది గంటలకు ఒక ట్రాక్టరు వచ్చి ఆగింది. నలుగురు మనుషులు దిగారు. అందులో పెద్దాయన కోసిగి తిక్కయ్య. ఎద్దుల బండికి టైర్లు వేయించుకోవడానికి పాత లారీ ఇరుసు కోసం ఆరు నెలలుగా తిరుగుతున్నాడు. బావమరిది ఫోనులో ఫొటో చూడగానే తెల్లారకముందే బయల్దేరాడు. తన పేరు చెప్పి, ఇరుసు కోసం వచ్చామన్నాడు. రుద్రమ్మ ఏమీ అడగలేదు, చూపించింది. తిక్కయ్య మర్యాద తెలిసిన మనిషి. ఇరుసు ట్రాక్టరులోకి ఎక్కించుకుని, రెండు బస్తాల ఉల్లిగడ్డలు అరుగు మీద దించి, మిగతా సంగతి అన్నతో మాట్లాడుకుంటానని చెప్పి వెళ్లిపోయాడు. శాంపిల్ తీసుకుపోవడానికి వచ్చి ఎదురు ఉల్లిగడ్డలు పెట్టిపోయే ఆదోని అంగళ్లవాళ్ల మంచితనం గురించి రుద్రమ్మ ఈశ్వరికి చాలాసేపు చెప్పింది.

పదిన్నరకు సామ్సన్ పంపిన ఆటో వచ్చింది. యాక్సిల్ ఇప్పుడే పోయిందని రుద్రమ్మ చెప్పింది. అంత దూరం వచ్చి ఖాళీగా పోతే సామ్సన్ ఊరుకోడని ఆటో అతను మొండికేసి కూర్చున్నాడు. యాక్సిల్ తెమ్మన్నారు, తేవాలి, అంతే. గోవిందన్న గడ్డం గోక్కుని, ముందు చక్రాలకు కూడా ఒక యాక్సిల్ ఉందని గుర్తుచేశాడు. అది శాంపిల్‌కు పనికొస్తుందా అని రుద్రమ్మ అడగబోయి, మొగుడి మాట గుర్తొచ్చి ఆగిపోయింది. మధ్యాహ్నానికల్లా లారీ ముందు భాగం కూడా రెండు బండల మీదికి దిగింది. నాలుగు చక్రాల బండి నాలుగు రాళ్ల బండి అయింది.

ఆదోనిలో ఈరప్ప ఫోను పొద్దుటినుంచి మోగుతూనే ఉంది. ఒకడు తలుపులు అడిగాడు. ఒకడు హారను అడిగాడు. మద్దికెర నుంచి ఒకాయన ఆ ఇంజనుతో బోరు నీళ్లు తోడవచ్చా అని సలహా అడిగాడు. అమ్మేది కాదని చెప్పిచెప్పి ఈరప్ప గొంతు బొంగురుపోయింది. రెండు గంటలకు ఆటో వచ్చి అంగడి ముందు ఆగింది. ఈరప్ప, సామ్సన్ ఇద్దరూ లేచి వెళ్లి చూశారు.

“ఇది ముందరిది,” అన్నాడు సామ్సన్.

“ముందరిదే,” అన్నాడు ఈరప్ప. “ఎనకది యాడ?”

“ఎనకది నీ మనుసులే గదా పొద్దున్నే తీస్కపోయింది,” అన్నాడు ఆటో అతను సామ్సన్‌తో.

“నాకి మనుసులు యాడుండారప్పా? ఉంటే ఈ స్టూలు మీద నేనెందుకు కూసుంటా?”

ఈరప్ప ఇంటికి ఫోను చేశాడు. ఎవరు తీసుకుపోయారు, ఎక్కడివాళ్లు, ఎందుకిచ్చావు అని వరసగా అడిగాడు. రుద్రమ్మ అన్నీ విని, తీరిగ్గా జవాబు చెప్పింది.

“కోసిగి తిక్కయ్యంట, ఆయనే సెప్పిపోయినాడు. నేనేం అడగల్యా. అడగాకంటివి గదా.”

శనివారం పొద్దున ఈరప్ప కోసిగిలో దిగాడు. తిక్కయ్య ఇల్లు వెతకనక్కరలేకపోయింది. ఇంటి ముందు కొత్త టైర్ల బండి, బండి కింద ఈరప్ప యాక్సిల్, హబ్బు లేని వైపు ఇంకెక్కడిదో పాత హబ్బు. దానికి పసుపు కుంకుమ పెట్టి, వేపమండ కట్టి, ఒక బండెడు జొన్నచొప్ప కూడా తోలుకొచ్చారు. మహానంది లారీ ఇరుసు ఇన్నేళ్ల తరవాత మళ్లీ బరువు మోసింది. ఆ సంగతి చూసి ఈరప్పకు కోపమూ వచ్చింది, ఎక్కడో కొంచెం ఈర్ష్య కూడా కలిగింది. తన దగ్గర ఉన్నన్నాళ్లూ అది నూనె కార్చడం తప్ప ఏమీ చేయలేదు.

తిక్కయ్య అతన్ని మంచం మీద కూర్చోబెట్టి, జొన్నరొట్టె, శెనక్కాయల పొడి పెట్టించాడు. సంగతంతా విన్నాడు. మధ్యలో నవ్వలేదు, అదే ఈరప్పకు ఎక్కువ కష్టంగా తోచింది. పొరపాటు తనదేనని, ఆదివారం పొద్దున్నే ఇరుసు విప్పి ట్రాక్టరులో పంపిస్తానని మాట ఇచ్చాడు. తరవాత ఒక్క సందేహం అడిగాడు.

“ఇరుసెందుకు మోసుకపోయేదప్పా? వాళ్లకి కావాల్సింది దీని లావే గదా?”

“లావే.”

“దారం సుట్టి ముడేసుకోని పోతే సాలదా? నువ్వు నేసేటోనివే గదా. నీ కాడ దారం ల్యాదా?”

ఈరప్ప రొట్టె నమలడం ఆపేశాడు. చుట్టూ చూశాడు. తిక్కయ్య భార్య చూస్తోంది, ఎద్దులు చూస్తున్నాయి. ముప్పై ఏళ్లుగా దారంతో బతుకుతున్న మనిషి భుజం మీద తువ్వాలు తీసి, దాని అంచులోంచి ఒక పోగు లాగాడు. బండి కింద దూరి, హబ్బు వెనక, పాత సీలు కూర్చున్న చోట గొట్టానికి చుట్టి, కొస తగిలిన దగ్గర ముడి వేశాడు. మొత్తం పని ఎంతసేపంటే, మంచం మీది రొట్టె ఇంకా చల్లారలేదు.

శనివారం సాయంత్రం సామ్సన్ ఆ దారాన్ని బల్ల మీద స్కేలు పక్కన పరిచాడు. ఫోనులో ఏవో అంకెలు కొట్టి భాగించాడు. పక్కనే ఉన్న హబ్బులో చెయ్యి పెట్టి బయటి కొలత చూశాడు. ఆ తరవాత స్టూలు మీంచి లేవకుండానే వెనక్కి తిరిగి, తన తలకు జానెడు పైన మేకుకు వేలాడుతున్న కొత్త సీలు ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు. దుమ్ము దులిపాడు. సరిగ్గా అదే.

ఈరప్ప దాన్ని చూశాడు, మేకును చూశాడు, మళ్లీ దాన్ని చూశాడు.

“ఇది ఈడనే ఉండాదా?”

“శానా దినాల్నించి ఉండాది.”

“మరి గురువారమే ఇయ్యొచ్చు గదన్నా.”

“కొల్త తెచ్చింటే గురువారమే ఇచ్చేటోన్ని.”

“శాంపిల్ తెమ్మనింది నువ్వే గదా?”

“తెమ్మంటి. కొల్త తేవద్దంటినా?” అన్నాడు సామ్సన్, అన్యాయంగా నింద పడ్డ మనిషిలా. “శాంపిల్‌తో పొయ్యేది మెకానిక్కులు. నువ్వు నేసేటోనివని నాకెవరు సెప్పినారు? లారీ ఓనరంటివి.”

ఆ మాట గురువారం అంగట్లో ఈరప్ప తానే అన్నాడు, అదీ పది మంది వినేలా.

రెండు రాత్రులూ సామ్సన్ అంగట్లోనే పడుకుని, ఆదివారం పొద్దున హబ్బును, ముందు యాక్సిల్‌ను ట్రాలీ ఆటోలో వేసుకుని, సీలును జేబులో పెట్టుకుని ఈరప్ప ఎమ్మిగనూరు బయల్దేరాడు. దారి పొడుగునా గంట చూసుకుంటూనే ఉన్నాడు. పదకొండు దాటింది. తిక్కయ్య మాట తప్పకుండా వస్తే, గోవిందన్న చేతులు చురుగ్గా ఆడితే, పన్నెండుకల్లా కనీసం వెనక చక్రమైనా ఎక్కించవచ్చు. మధ్యాహ్నం తరవాత పాత ఇనుము వాడు వచ్చినా, నూనె కారని బండిని ఎవరూ ముట్టుకోలేరు.

వీధి మలుపు తిరగగానే లారీ చుట్టూ జనం కనిపించారు. పాత ఇనుము వాడు ముందే వచ్చేశాడనుకున్నాడు ఈరప్ప. ఆటో ఆగకముందే దూకి, చెప్పు ఒకటి ఊడిపోయినా చూసుకోకుండా పరుగెత్తాడు. జనాన్ని తోసుకుని లోపలికి పోయి, అక్కడే ఆగిపోయాడు.

లారీ నాలుగు రాళ్ల మీద నేలకు అంటుకుని కూర్చుని ఉంది. దాని ముందు బంపరుకు వరసగా మూడు పడుగులు కట్టి ఉన్నాయి. వీధి ఆ చివరిదాకా తెల్లదారాలు వీణతీగల్లా బిగిసి ఉన్నాయి. ఆడవాళ్లు, మగవాళ్లు రెండు పక్కలా నిలబడి కుంచెతో దువ్వుతున్నారు. వాసన చూస్తే వీధంతా ఉల్లిగడ్డ బజ్జీలు వేస్తున్నట్టుంది. తిక్కయ్య బస్తాల్లో ఒకటి అప్పటికే వీధి కడుపులోకి పోయింది.

జరిగింది ఇది. శనివారం పొద్దున రాతి గుంజ పూర్తిగా పడిపోయింది. పడుగు కట్టడానికి ఇంకేమీ దొరక్క ఈశ్వరి ఆ పూటకు లారీ బంపరుకు కట్టింది. చక్రాలు లేవు, యాక్సిళ్లు లేవు. ఎంత లాగినా బండి వెంట్రుకవాసి కదల్లేదు. ఆ వీధిలో ఇంత బిగువైన పడుగు మా తాతల కాలంలో కూడా చూడలేదని ముసలివాళ్లు అన్నారు. సాయంత్రానికి లారీకి పసుపు, కుంకుమ, పూలదండ.

“జరగండి, జరగండి,” అన్నాడు ఈరప్ప రొప్పుతూ. జేబులోంచి సీలు తీసి అందరికీ కనిపించేలా పైకెత్తాడు. “సీలు దొరికినాది. చక్రాలు ఎక్కియ్యల్ల.”

ఎవరూ జరగలేదు. ఈశ్వరి కుంచె ఆపి అతని వైపు చూసింది.

“ఏం చక్రాలన్నా?”

“లారీ చక్రాలు. నూనె కారకూడదంటిరి గదా.”

రుద్రమ్మ వంగి లారీ కింద చెయ్యి పెట్టింది. శుక్రవారం సాయంత్రం అక్కడ పరిచిన తెల్లగుడ్డను బయటికి లాగి, దులిపి, అతని ముందు పట్టింది. దాని మీద ఒక్క మరక కూడా లేదు. నూనె ఉండవలసిన యాక్సిల్ కోసిగిలో ఉంటే మరక ఎక్కడినుంచి వస్తుంది?

“సుక్క నూనె పడకూడదంటిమి. పడల్యా,” అంది ఈశ్వరి. “బండి ఈదిలోనే ఉండల్లని గదా నువ్వు మొత్తుకుంటివి? ఇంగ ఈడనే ఉంటాది. ఎవుడొచ్చి అడిగినా మేమియ్యం.”

“కదలనిది బండెట్ల అయితాదమ్మా?”

“కదిలేదానికి పడుగెట్ల కడ్తామన్నా?”

ఈరప్ప గోవిందన్న వైపు చూశాడు, ఒక్క మెకానిక్కైనా లారీ తరఫున మాట్లాడతాడని. గోవిందన్న చేతిలో బజ్జీ పొట్లం ఉంది. నాలుగు రాళ్లకు కిందా పైనా సిమెంటు వేస్తే ఇంకా బాగుంటుందని అతను ఒక సలహా ఇచ్చాడు. ఈరప్ప రుద్రమ్మ వైపు చూశాడు. ఆమె తన పడుగును కట్టడానికి బంపరులో ఇంకొక చోటు వెతుక్కుంటోంది.

ఇంతలో తిక్కయ్య ట్రాక్టరు వచ్చింది, మాట ప్రకారం, ఇరుసుతో సహా. సంగతి తెలిశాక తిక్కయ్య ఏమీ దాచుకోని మనిషి కనక పళ్లన్నీ కనిపించేలా నవ్వాడు. ఇరుసును దించకుండానే ట్రాక్టరు తిప్పుకున్నాడు. ఆటోలో ఉన్న రెండో ఇరుసు వైపు కూడా ఆశగా చూశాడు గాని, ఈరప్ప ముఖం చూసి అడగలేదు. మిగిలిన ఉల్లిగడ్డల బస్తా ఇంట్లో ఉంచుకోమని, ఇంకో రెండు పంపిస్తానని చెప్పి వెళ్లిపోయాడు.

ఈరప్ప లారీ ఎక్కి తండ్రి సీట్లో కూర్చున్నాడు. అరిగిన చోట చేతులు వేసి స్టీరింగు పట్టుకున్నాడు. ఎదురుగా అద్దంలోంచి వీధంతా కనిపిస్తోంది. అందరి దారాలూ తన బండికే కట్టి ఉన్నాయి. అది అతనికి అవమానంగా ఉంది. కొంచెం గర్వంగా కూడా ఉంది, కానీ ఆ రెండో సంగతి రుద్రమ్మకు తెలియనివ్వలేదు.

ఇప్పుడు ఆ వీధికి వచ్చినవాళ్లకు ఈశ్వరే ముందు లారీ చూపిస్తుంది. వింటేజ్ అని కూడా ఆమే చెబుతుంది. కొత్త సీలు లారీ మూతికి, నిమ్మకాయల పక్కన, దిష్టి తగలకుండా వేలాడుతోంది. ముందు యాక్సిల్ ఈరప్ప అరుగు కింద పడుంది. అమావాస్యకు అతను ఇప్పటికీ టెంకాయ కొట్టి ఇంజను స్టార్టు చేస్తాడు, ఎవరూ పక్కకు జరగరు.

మొన్నటి అమావాస్యకు స్టార్టు చేసి దిగేసరికి ఇంజను కింద రూపాయంత నూనె మరక కనిపించింది. ఈరప్ప అటూ ఇటూ చూసి, దాని మీద గుప్పెడు మట్టి పోసి, ఎవరికీ చెప్పలేదు. చెబితే శాంపిల్ అడుగుతారు.